అభ్యసన రూపకల్పన: వృత్తి పఠనం, చేతులు మారే బోధనోపాయాలు

నేర్చుకునేవారు ఎవరు, వాళ్లకు ఏం రావాలి, అది రావాలంటే వాళ్ల చేత ఏ పనులు ఏ వరసలో చేయించాలి, వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? వీటికి ముందుగానే జవాబులు ఆలోచించుకుని పాఠాన్ని కట్టే పనిని అభ్యసన రూపకల్పన అంటారు. హైదరాబాద్ కంపెనీల్లో ఈ పని చేసేవారిని ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అంటారు. విదేశీ విశ్వవిద్యాలయాల్లో కొంతకాలంగా లెర్నింగ్ డిజైనర్ అన్న పేరు స్థిరపడింది. మన బడుల్లో ఆ పేరుతో పోస్టు లేదు. అయినా యూనిట్ ప్లాన్ రాసుకుని, బోధనాభ్యసన సామగ్రి (టీఎల్‌ఎం) సొంతంగా తయారుచేసుకుని, పిల్లల చేత కృత్యం చేయించే టీచరు చేస్తున్నది అచ్చంగా ఇదే పని.

ఈ వృత్తిలో ఉన్నవారి దగ్గర రెండు మూటలుంటాయి. మనిషి ఎలా నేర్చుకుంటాడన్న దాని గురించి చదివిన పుస్తకాలు, పరిశోధన వ్యాసాలు ఒక మూట. తరగతిలో పనికొచ్చిన ఉపాయాలు, మళ్లీ మళ్లీ వాడుకునేందుకు దాచుకున్నవి, రెండో మూట. వీటిని విడదీసి చూడడం వల్ల చాలా నష్టం జరిగింది. ఉపాయం ఊరు దాటి వెళ్లిపోయి, అది ఎందుకు పనిచేస్తుందన్న కారణం పాత ఊళ్లోనే ఉండిపోతే కొత్తచోట మిగిలేది తంతు. దీనికి మొదటి ఉదాహరణ మద్రాసులోనే దొరుకుతుంది.

మద్రాసు ఇసుక

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి 1789లో మద్రాసులో సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడయ్యాడు. దగ్గర్లోని ఒక వీధిబడిలో పిల్లలు ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దడం ఆయన కంటపడింది. తన శరణాలయంలోనూ అలాగే నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయులు మొగ్గు చూపలేదు. దాంతో ఆయన పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు నేర్పించడం మొదలుపెట్టాడు. ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చువేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండ్ అంతటా పాకింది. జోసెఫ్ లాంకాస్టర్ ఇంచుమించు ఇలాంటి పద్ధతితోనే పోటీగా బడులు నడిపాడు.

ఇసుక సముద్రం దాటింది, పిల్లవాడు పిల్లవాడికి చెప్పడమూ దాటింది. వీధి అరుగు మీద పంతులుగారు ఒక్కొక్కణ్నీ వాడి వేగానికి తగ్గట్టు నడిపించిన తీరు మాత్రం దాటలేదు. ఇంగ్లండ్ బడుల్లో వందలాది పిల్లలను ఒకే హాల్లో వరసలుగా కూర్చోబెట్టి, తక్కువ ఖర్చుతో చదువు చెప్పే యంత్రంగా ఆ పద్ధతిని వాడుకున్నారు. ఓనమాలు ఇసుకలో దిద్దిన తరానికి అందులో తమ బడి ఆనవాలు దొరకడం కష్టం.

వృత్తిగా ఎదిగిన తీరు

ఆధునిక రూపంలో ఈ వృత్తి రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టింది. లక్షలాది సైనికులకు తక్కువ కాలంలో యంత్రాలు నడపడం, విమానాలు నడపడం నేర్పాల్సి వచ్చినప్పుడు అమెరికా సైన్యం మనస్తత్వ శాస్త్రవేత్తలను పిలిచింది. వాళ్లలో ఒకరైన రాబర్ట్ గానియే 1965లో ‘ది కండిషన్స్ ఆఫ్ లెర్నింగ్’ రాశాడు. అంతకు ముందే, 1949లో, రాల్ఫ్ టైలర్ పాఠ్యప్రణాళికకు మూలసూత్రాలు చెప్పాడు. 1954లో బి.ఎఫ్. స్కిన్నర్ బోధన యంత్రాల గురించి రాశాడు. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం లక్ష్యాల వర్గీకరణను తెచ్చింది. బీఈడీ చదివిన ప్రతివారూ పరీక్షలో ఒక్కసారైనా రాసిన ఆ మెట్లను 2001లో యాండర్సన్, క్రాత్‌వోల్ సవరించారు. 1975లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం సైన్యం కోసం తయారుచేసిన నమూనా నుంచి విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అన్న ఐదంచెల పద్ధతి వచ్చింది. కంపెనీ శిక్షణలో ‘యాడీ’ అన్న పొట్టిపేరుతో నేటికీ నడుస్తున్నది అదే.

1998లో వచ్చిన ‘అండర్‌స్టాండింగ్ బై డిజైన్’ పుస్తకంలో గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై చెప్పిన మాట ఈ నమూనాలన్నిటికంటే టీచర్లకు బాగా దగ్గరైంది. పాఠాన్ని చివరినుంచి మొదలుపెట్టమన్నారు వాళ్లు. పిల్లలకు ఏం రావాలో ముందు తేల్చుకోవాలి, వచ్చిందనడానికి ఏది రుజువో తర్వాత అనుకోవాలి, కృత్యాలు ఆఖర్న ఎంచుకోవాలి. చూడచక్కని కృత్యాన్ని ముందు ఎంచుకుని దానికి లక్ష్యాన్ని అతికించడం మనందరికీ ఉన్న అలవాటు. అందుకే ఈ వరస మొదట్లో ఎదురీతలా ఉంటుంది.

ఏం చదువుతారు

వృత్తి పఠనంలో ముందు చోటు జ్ఞాపకశక్తి మీద పరిశోధనలకు ఇవ్వాలి. 1885లో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, ఎంత వేగంగా మరిచిపోతున్నాడో లెక్కగట్టాడు. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగాలు, చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం వల్ల రోజులు గడిచాక ఎక్కువ నిలుస్తుందని చూపాయి. 2013లో జాన్ డన్‌లాస్కీ బృందం విద్యార్థులు వాడే 10 పద్ధతులను పరిశీలించి, రెండింటికే గట్టి మార్కులు వేసింది. ఒకటి తమను తాము పరీక్షించుకోవడం, రెండోది చదువును రోజుల మీద విడగొట్టుకోవడం. గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం కింది వరసలో నిలిచాయి. మన ఇంటర్ విద్యార్థి గైడులో పసుపు మార్కరుతో గీతలు గీస్తూ గడిపే రాత్రిళ్లు గుర్తొస్తే ఈ ఫలితం మనసును బాధిస్తుంది. వాడి కష్టంలో లోపం లేదు, దాన్ని ఎటు మళ్లించాలో చెప్పినవారు లేరు.

రెండోది మనసు మోయగలిగిన బరువు గురించిన చదువు. జాన్ స్వెల్లర్ 1980లలో మొదలుపెట్టిన ఈ పరిశోధన ప్రకారం మనం ఒకేసారి తలలో పట్టుకోగలిగేవి కొన్నే. కొత్తగా నేర్చుకునేవాడికి లెక్క ఇచ్చి చేయమనడం కంటే, చేసిన లెక్క పూర్తిగా చూపించి, తర్వాతి దాంట్లో చివరి మెట్టు వదిలి, ఆ తర్వాత రెండు మెట్లు వదిలి, మెల్లగా చేయి విడవడం మేలు. బాగా వచ్చినవాడికి ఇదే సాయం అడ్డవుతుంది. రిచర్డ్ మేయర్ బొమ్మలు, మాటలు కలిసే చోట ఇదే వెతికాడు. బొమ్మతోపాటు తెర మీద రాసిన వాక్యాన్నే గొంతుతో చదివి వినిపిస్తే నేర్చుకోవడం తగ్గుతుందని ఆయన ప్రయోగాలు చెప్పాయి. ఆన్‌లైన్ కోర్సుల్లో చాలా ఈ ఒక్క సూత్రం దగ్గరే తప్పుతున్నాయనిపిస్తుంది.

వృత్తి పఠనానికి ఇంకో పని కూడా ఉంది, అబద్ధాలను ఏరివేయడం. చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుందన్న పిరమిడ్ బొమ్మ తెలుగు రాష్ట్రాల శిక్షణ తరగతుల్లో చూడనివారు అరుదు. దానికి ఎడ్గార్ డేల్ పేరు తగిలిస్తారు. డేల్ 1946లో అనుభవాల శంకువు గీసిన మాట నిజమే, అందులో ఒక్క అంకె కూడా లేదు. ఆ శాతాలు తర్వాత ఎవరో అంటించినవి. పిల్లల్లో చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు అని రకాలుంటారనీ, ఎవరి రకానికి తగ్గట్టు వాళ్లకు బోధించాలనీ చెప్పే సిద్ధాంతానిదీ ఇదే కథ. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు ఉన్న అధ్యయనాలన్నీ వడకట్టి, అలా బోధిస్తే లాభమనడానికి తగిన ఆధారం లేదన్నారు. పిల్లవాడి నుదుటిన ఒక ముద్ర వేయడం తేలిక, దాన్ని చెరపడం కష్టం కాబట్టి ఈ విషయంలో టీచర్లు గట్టిగా నిలబడాలి.

ఇక అనుభవ కథనాలు. గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’, జపాన్‌కు చెందిన తెత్సుకో కురోయనాగి ‘తొత్తోచాన్’ తెలుగులోనూ వచ్చాయి. ‘పగటికల’, ‘రైలుబడి’ అన్న పేర్లతో టీచర్ల ఇళ్లలో కనబడుతుంటాయి. వీటిలో సిద్ధాంతం లేదు, ప్రయోగ ఫలితాల పట్టికలు లేవు. పిల్లవాడి ముఖం వైపు చూడడం మాత్రం నేర్పుతాయి. పరిశోధన చదివి ఈ పుస్తకాలు చదవనివారి పాఠాలు తప్పుల్లేకుండా ఉంటాయి కానీ వాటిలో పిల్లలుండరు.

ఉపాయాన్ని రాసిపెట్టడం

మంచి పాఠాన్ని మరొకరికి అందేలా ఎలా రాయాలన్న ప్రశ్నకు ఒక జవాబు భవన నిర్మాణం నుంచి వచ్చింది. 1977లో క్రిస్టఫర్ అలెగ్జాండర్, సహచరులు ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ అన్న పుస్తకంలో ఇల్లు, వీధి, ఊరు కట్టడానికి 253 నమూనాలు రాశారు. ప్రతిదాంట్లోనూ ఒక సమస్య, అది ఎక్కడ ఎదురవుతుందన్న సందర్భం, పరిష్కారంలోని సారం ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ పద్ధతిని అందిపుచ్చుకుంటే, వాళ్లకు పాఠాలు చెప్పేవాళ్లు దాన్ని తరగతి గదిలోకి తెచ్చారు. జోసెఫ్ బెర్జిన్ రాసిన నమూనాల్లో ఒకటి ‘పొరపాటు’. విద్యార్థుల చేత ప్రోగ్రాంలో కావాలని తప్పు చేయించి, కంప్యూటర్ ఏమంటుందో చూపించాలి. తర్వాత నిజంగా తప్పు జరిగిన రోజున ఆ సందేశం వాళ్లకు పరిచయమైన ముఖంలా కనబడుతుంది.

లండన్‌కు చెందిన డయానా లారిలార్డ్ 2012లో వచ్చిన పుస్తకంలో బోధనను రూపకల్పన శాస్త్రంగా చూడమని కోరింది. గ్రహించడం, వెతకడం, చర్చించడం, సాధన చేయడం, కలిసి పనిచేయడం, సొంతంగా ఏదైనా తయారుచేయడం అని నేర్చుకోవడంలో ఆరు తీరులు గుర్తించింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఈ ఆరింటినీ ఆరు రంగుల కార్డులుగా చేసి, 90 నిమిషాల్లో ఒక కోర్సును బల్ల మీద పరిచే కార్యశాలను రూపొందించారు. కార్డులు పరిచాక మొత్తం ఒకే రంగులో కనబడితే, అంటే అంతా వినడమే అయితే, ఎవరూ చెప్పనక్కర లేకుండా అధ్యాపకులకే విషయం అర్థమవుతుంది.

సైప్రస్‌లోని లార్నకాలో 2012లో కలిసిన పరిశోధకులు ఇంకో పోలిక ఎత్తుకున్నారు. సంగీతానికి స్వరలిపి ఉన్నట్టు బోధనకూ ఒక లిపి కావాలన్నారు. తెలుగు పాఠకుడికి ఈ పోలిక చప్పున అందుతుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు కూడా గుర్తులు పెట్టారు. ఆ గుర్తులు లేకపోతే తరాల తర్వాత కీర్తన అస్థిపంజరంగా మిగిలేది. గుర్తులున్నా గురువు దగ్గర విన్న చెవి కావాలి. బోధన లిపికీ ఈ రెండు మాటలూ వర్తిస్తాయి.

1990లలో ఇంకో దారి నడిచింది. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, పిల్లలు ఆడుకునే లెగో ఇటుకల్లా ఎక్కడైనా ఎలాగైనా అతికించవచ్చని వేన్ హాడ్జిన్స్ ఆశపడ్డాడు. ఆ ముక్కలకు లెర్నింగ్ ఆబ్జెక్టులని పేరు. డేవిడ్ వైలీ ఈ ఆశలోని చిక్కును బయటపెట్టాడు. సందర్భం ఎంత నిండుగా ఉంటే పాఠం అంత బాగా పనిచేస్తుంది, అంతగానూ అది ఒకే చోటికి అంటుకుపోతుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బరువు, క్వింటా ధర, కమిషన్ లెక్కలతో శాతాలు నేర్పితే అక్కడి రైతు బిడ్డకు ఒక్క పూటలో వంటబడుతుంది. అదే పాఠం ఆదిలాబాద్ పత్తి రైతు బిడ్డకు కొంత దూరం, టొరంటోలో వారాంతపు తెలుగు బడికి వెళ్లే పిల్లకు ఇంకా దూరం. మిర్చిని తీసేసి ఉత్త అంకెలు మిగిల్చితే పాఠం అన్ని చోట్లకూ వెళ్తుంది, ఎవరినీ తాకదు. వైలీ చూపిన దారి, మార్చుకునే హక్కును పాఠంతోపాటే ఇవ్వడం. మిర్చి తీసి పత్తి పెట్టుకునే అనుమతి ఉంటే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఆయన 1998లోనే అలాంటి ఒక లైసెన్సు రాశాడు. 2002లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. అదే ఏడాది యునెస్కో సమావేశంలో ‘స్వేచ్ఛా విద్యావనరులు’ అన్న మాట పుట్టింది, 2019లో యునెస్కో దాని మీద సభ్యదేశాలకు సిఫార్సు చేసింది.

ఒక ఉపాయం, దగ్గరగా

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990 ప్రాంతంలో తన విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష పెట్టాడు. సూత్రాలతో కఠినమైన లెక్కలు చేసేవాళ్లు మామూలు ప్రశ్నల దగ్గర తడబడ్డారు. మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థిని అడిగింది కూడా. ఆయన ఎంత వివరించినా పనికాలేదు. విసుగొచ్చి, మీలో మీరు మాట్లాడుకోండి అన్నాడు. కొన్ని నిమిషాల్లో తరగతికి విషయం అర్థమైంది. దీన్ని పద్ధతిగా తీర్చి 1997లో పుస్తకం రాశాడు.

మన తొమ్మిదో తరగతిలో ఇది ఇలా ఉంటుంది. టీచరు బోర్డు మీద ప్రశ్న రాస్తారు. పల్లెవెలుగు బస్సు సడన్ బ్రేక్ వేసింది, నిలబడ్డవాళ్లు ముందుకు తూలారు. బస్సులోంచి కాక రోడ్డు పక్క నిలబడి చూస్తే, వాళ్లను ముందుకు నెట్టిన బలం ఏది? ఒకటి, బ్రేకు. రెండు, ఇంజను. మూడు, ఏదీ నెట్టలేదు. పిల్లలు ఒక నిమిషం నోరు మెదపకుండా ఆలోచించి, పక్కవాడికి కనబడకుండా గుండె దగ్గర వేళ్లు చూపిస్తారు. టీచరు చూపుతోనే లెక్కేసుకుంటారు. సరైన జవాబు 30 శాతం కంటే తక్కువుంటే మళ్లీ వివరించాలి, 70 దాటితే ముందుకు సాగాలి. మధ్యలో ఉంటే వేరే జవాబు చెప్పిన పక్కవాడిని ఒప్పించమనాలి. అప్పుడు తరగతి గోలగోల అవుతుంది. బస్సు ఆగింది, మనం ఆగలేదు, అంతే కదరా అని ఎవరో అంటారు. రెండోసారి వేళ్లు చూపించినప్పుడు మూడు వేళ్లు పెరుగుతాయి.

ఇది పనిచేయడానికి కారణం, ఇప్పుడే అర్థమైన పిల్లవాడికి తాను ఎక్కడ తడబడ్డాడో ఇంకా గుర్తుండడం. టీచరు ఆ చోటు దాటి ఇరవై ఏళ్లయింది. ఈ కారణం తెలియని చోట ఒంటరిగా ఆలోచించే ఆ మొదటి నిమిషాన్ని సమయం లేదని తీసేస్తారు. అప్పుడు తరగతిలో ఫస్టు వచ్చే పిల్ల చెప్పిందే అందరి జవాబూ అవుతుంది.

ఇంతకంటే చిన్న ఉపాయాలూ ఉన్నాయి. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని మేరీ బడ్ రో 1970లలో గమనించింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పుతారు. గణాంక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మాస్టెలర్ 1989లో రాసిన మరో పద్ధతిలో, క్లాసు చివర పిల్లలు ఈరోజు ఏది అర్థం కాలేదో చీటీ మీద రాసిస్తారు. పైసా ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు.

రిషి వ్యాలీ నిచ్చెన

తెలుగు నేల నుంచి బయటికి వెళ్లిన బోధనోపాయాల్లో అన్నిటికన్నా దూరం ప్రయాణించింది మదనపల్లె దగ్గర పుట్టింది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ పాఠశాల చుట్టూ ఉన్న పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడపడానికి 1980లలో పని మొదలైంది. పద్మనాభరావు, రామ దంపతులు దానికి నాయకత్వం వహించారు. సమస్య మన ఊళ్లన్నిటికీ తెలిసిందే. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతులు. వాటికి తోడు పంట పనికీ, మేకలు కాయడానికీ వెళ్లి మధ్యలో పది రోజులు మానేసిన పిల్లలు.

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని విప్పి కార్డులు చేశారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. గోడ మీద ఒక నిచ్చెన చిత్రం, దాని మెట్ల మీద అవే గుర్తులు, అంకెలు. పిల్లవాడు నిచ్చెన దగ్గరికి వెళ్లి తానెక్కడున్నాడో చూసుకుని, ఆ కార్డు తానే వెతికి తెచ్చుకుని కూర్చుంటాడు. కొత్త విషయం పరిచయం చేసే కార్డు టీచరు పక్కన, సాధన కార్డు తోటి పిల్లల మధ్య. తర్వాత పరీక్ష కార్డు. అక్కడ తడబడితే మరికొన్ని కార్డులు, బాగా వస్తే ఇంకొంచెం ఆటపాటలు. పది రోజులు మానేసి వచ్చిన పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడినుంచే ఎక్కుతుంది. తరగతి తనను వదిలి వెళ్లిపోయిందన్న బెంగ ఆమెకుండదు. స్థానిక కథలు, పాటలు కార్డుల్లోకి వచ్చాయి. పిల్లలే సంత పెట్టి, పెద్దవాళ్లకు కొలిచి తూచి సరుకులమ్మే మెట్రిక్ మేళాలు ఊళ్లను బడి దగ్గరికి తెచ్చాయి.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు దీన్ని చూసి వెళ్లి, కన్నడంలో తమ సొంత కార్డులు రాసుకున్నారు. అదే ‘నలి కలి’. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై, తర్వాత తమిళనాడు అంతటికీ విస్తరించిన కృత్యాధార బోధనకూ మూలం ఇక్కడే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే బాటలో ప్రాథమిక తరగతుల్లో స్నేహబాల కార్డులు వచ్చాయి.

ఈ ప్రయాణంలో గమనించాల్సింది ఒకటుంది. కార్డులు టీచర్లే కూర్చుని రాసుకున్న చోట నిచ్చెనకు ప్రాణముంది. ఏ కార్డు ఎందుకు ముందొచ్చిందో వాళ్లకు తెలుసు కాబట్టి, కుదరనప్పుడు మార్చుకోగలిగారు. పెట్టెల్లో అచ్చయిన కార్డులు దిగిన చోట, పిల్లవాడు ఎన్ని మెట్లెక్కాడన్న లెక్క రిజిస్టరులో నిండుతుంది, వాడికి చదవడం వచ్చిందా అన్నది పక్కకు పోతుంది. మద్రాసు ఇసుకకు జరిగిందే ఇది.

అచ్చు, టీవీ, క్యూఆర్ కోడ్

దూరవిద్యలోనూ తెలుగువారి వాటా పెద్దది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి తర్వాత ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు. దూరవిద్య పాఠాల్లో మొదట లక్ష్యాలు, మధ్యమధ్యలో మీ ప్రగతిని పరిశీలించుకోండి అన్న ప్రశ్నలు, చివర నమూనా జవాబులు ఉంటాయి. పక్కన గురువు లేని లోటును అచ్చుతోనే పూడ్చాలన్న ఆలోచన అది. అంతకు ముందు 1975–76లో సైట్ ఉపగ్రహ ప్రయోగం ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపింది. 2003లో మొదలైన ఎన్‌పీటెల్ ఇంజనీరింగ్ పాఠాలను అందించింది, 2017లో వచ్చిన స్వయం కోర్సులను అందించింది. అదే ఏడాది సెప్టెంబర్ 5న ప్రారంభమైన దీక్షా వేదిక పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌కు వీడియోలను ముడివేసింది.

ఆ కోడ్ స్కాన్ చేస్తే పాఠం వస్తుంది. ఆ పాఠాన్ని ఎవరి కోసం అలా కట్టారో, ఏ పిల్లల దగ్గర ప్రయత్నిస్తే ఏం జరిగిందో దాంతో రాదు. ఆ సమాచారం ఇప్పటికీ మనుషుల దగ్గరే ఉంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక టీచరమ్మ మాదిరి పాఠం చెప్పి, అట్టముక్కలతో చేసిన టీఎల్‌ఎం బల్ల మీద పెట్టినప్పుడు అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకుంటారు. టీ వచ్చే లోపు వెనక బెంచీలోంచి ఒకరు లేచి, “మేడమ్, మీ క్లాసులో ఇది ఎవరికి అర్థం కాలేదు? వాళ్లకు ఏం చేశారు?” అని అడుగుతారు. ఆమె తన నోటుపుస్తకం తెరుస్తుంది. తర్వాతి పది నిమిషాల్లో ఆమె చెప్పేది ఏ ఫోటోలోనూ ఉండదు, దాన్ని రాసుకునేవాళ్లు ఇద్దరో ముగ్గురో.